పిల్లవేషాల నుంచి మెగాఫోన్ దాకా: రాబర్ట్ పారిష్ గురించి అపోహలు – వాస్తవాలు

చాప్లిన్ ‘సిటీ లైట్స్’ చూసినవాళ్లు వీధి మలుపులో పేపర్లమ్మే ఆ ఇద్దరు కొంటె కుర్రాళ్లను మరిచిపోరు. గొట్టంలో బఠాణీ గింజ పెట్టి ఊది, పాపం చాప్లిన్ వేసిన దేశదిమ్మరిని గురిచూసి కొడతారు. ఆ ఇద్దరిలో ఒకడు రాబర్ట్ పారిష్. పెద్దయ్యాక ఎడిటర్‌గా ఆస్కార్ అందుకున్నాడు, ఆ తర్వాత దర్శకుడయ్యాడు. అతని గురించి మాట్లాడేవాళ్లు చాలామంది చాప్లిన్ దగ్గర ఓనమాలు దిద్దాడనీ, జాన్ ఫోర్డ్ చేయి పట్టుకుని నడిచాడనీ, మెగాఫోన్ పట్టాడనీ మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ‘సిటీ లైట్స్’కీ అతని తొలి చిత్రానికీ మధ్య ఇరవై ఏళ్లున్నాయి. వాటిలో ఎక్కువ కాలం ఎడిటింగ్ గదిలోనే గడిచింది. అసలు కథ అక్కడుంది.

అపోహ 1: ‘సిటీ లైట్స్’ 1931లో వచ్చింది. అప్పటికే టాకీలు నడుస్తున్నాయి కాబట్టి పారిష్‌ను మూకీల బాలనటుడు అనకూడదు.

వాస్తవం: తొలి టాకీగా చెప్పుకునే ‘ది జాజ్ సింగర్’ 1927లోనే వచ్చిన మాట నిజం. అయినా చాప్లిన్ పట్టు విడవలేదు. 1928 చివర్లో మొదలై 1930 దాకా సాగిన ‘సిటీ లైట్స్’ చిత్రీకరణ పూర్తిగా మూకీ పద్ధతిలోనే జరిగింది. సంగీతం, కొన్ని శబ్దాలు జతపడ్డాయి తప్ప పాత్రలు మాట్లాడవు. అంతకుముందే, 1928లో, జాన్ ఫోర్డ్ తీసిన ‘ఫోర్ సన్స్’లోనూ పారిష్ కనిపించాడు. 1916లో పుట్టిన ఈ కుర్రాడి చిన్నతనం సరిగ్గా మూకీలు పోయి టాకీలు వచ్చే సంధికాలంలో గడిచింది.

అపోహ 2: అతనో బాలతార. ఆ పేరుతోనే పెద్దయ్యాక అవకాశాలు వచ్చాయి.

వాస్తవం: తార కాదు సరికదా, చాలా సినిమాల్లో తెర మీద పేరు కూడా పడలేదు. పారిష్ కుటుంబం జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ నుంచి లాస్ ఏంజలెస్‌కు చేరింది. ఇంట్లో పిల్లలంతా స్టూడియోల్లో చిన్నా చితకా వేషాలు వేశారు. వాళ్లలో నటిగా పేరొచ్చింది చెల్లెలు హెలెన్ పారిష్‌కు. డియానా డర్బిన్ చిత్రాల్లో ఆమెను చూడొచ్చు. రాబర్ట్‌వి గుంపులో కుర్రాడు, పేపర్ కుర్రాడు, బళ్లో కుర్రాడు తరహా పాత్రలు. ముఖం జనానికి తెలిసిన బాలతారలకు పెద్దయ్యాక ఆ ముఖమే అడ్డం వస్తుంది. ఇతనికి ఆ బెడద లేదు. నటన వదిలేసి వేరే పనిలో చేరితే అడిగినవాళ్లు లేరు.

అపోహ 3: దర్శకత్వం నేర్పింది చాప్లినే.

వాస్తవం: చాప్లిన్ సెట్‌లో ఏం జరిగిందో పారిష్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. బఠాణీ గింజల సీను వివరించేటప్పుడు చాప్లిన్ అన్ని పాత్రలూ తానే వేసి చూపించేవాడట. పేపర్ కుర్రాడై గొట్టం ఊదుతాడు. ఒక్క పరుగున అవతలికి వెళ్లి, దెబ్బ తగిలిన దేశదిమ్మరై ఉలిక్కిపడతాడు. మళ్లీ వెనక్కొచ్చి ఇంకో గింజ ఊదుతాడు. పూలమ్మాయి పాత్ర కూడా తానే నటించి చూపిస్తాడు. అంతా అయ్యాక, ఎవరి పాత్రలు వాళ్లకు మనసొప్పక తిరిగి ఇచ్చినట్టుండేదట. పిల్లల పనల్లా చూసింది చూసినట్టు చేయడమే.

చూడటానికి అద్భుతమే కానీ, ఇది మరొకరు పట్టుకుపోగల పద్ధతి కాదు. స్టూడియో చాప్లిన్‌ది, డబ్బు చాప్లిన్‌ది, కథా వేషమూ చాప్లిన్‌వే. నచ్చకపోతే నెలల తరబడి తీసిందే మళ్లీ తీయగలడు. జీతానికి పనిచేసే దర్శకుడికి ఆ వెసులుబాటు ఉండదు. తీసినదాంతోనే సినిమా చేయాలి. ఆ విద్య పారిష్‌కు అబ్బింది ఎడిటింగ్ బల్ల దగ్గర. 1930ల రెండో సగంలో ఫోర్డ్ చిత్రాల ఎడిటింగ్ విభాగంలో సహాయకుడిగా చేరి పని నేర్చుకున్నాడు.

అపోహ 4: ఎడిటర్ అంటే ముక్కలు అతికేవాడు. అది దర్శకత్వానికి శిక్షణ ఎలా అవుతుంది?

వాస్తవం: రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది యుద్ధకాలంలోది. 1942 జూన్‌లో మిడ్‌వే దీవి మీద జపాన్ దాడిని నౌకాదళంలో ఉన్న ఫోర్డ్ స్వయంగా చిత్రీకరించి, గాయపడ్డాడు. అదే దళంలో పనిచేస్తున్న పారిష్ ఆ ఫిల్మును పద్దెనిమిది నిమిషాల డాక్యుమెంటరీగా కూర్చాడు. చివర్లో ఫోర్డ్ ఒక చిన్న ఫిల్ము ముక్క ఇచ్చి, దాన్ని సినిమాలో చేర్చమన్నాడు. అందులో ఉన్నది అధ్యక్షుడు రూజ్వెల్ట్ కొడుకు జేమ్స్. వైట్‌హౌస్‌లో ప్రదర్శిస్తున్నప్పుడు అప్పటిదాకా మాట్లాడుతూ ఉన్న అధ్యక్షుడు, కొడుకు ముఖం కనపడగానే మౌనమైపోయాడనీ, సినిమా అయ్యాక దీన్ని దేశంలోని తల్లులంతా చూడాలన్నాడనీ పారిష్ రాశాడు. కొన్ని సెకన్ల షాట్. దాన్ని ఎవరి కోసం, ఎక్కడ పెట్టాలో తెలియడమే అసలు విద్య.

రెండోది ‘ఆల్ ది కింగ్స్ మెన్’ (1949). దర్శకుడు రాబర్ట్ రాసెన్ తీసింది కొండంత పేరుకుపోయింది. ఎన్ని ప్రివ్యూలు వేసినా ప్రేక్షకులకు ఎక్కలేదు. అప్పుడు పారిష్‌ను పిలిచారు. ఎంత తగ్గించినా దారికి రాకపోతే రాసెన్ తెగించి ఓ మొండి సూత్రం చెప్పాడు: ప్రతి సీనుకూ కేంద్రం ఎక్కడుందో చూడు, దానికి ముందు వంద అడుగులు, వెనక వంద అడుగులు ఉంచి మిగతాది కోసెయ్, మాట మధ్యలో తెగినా సరే. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే సీనుకు మిగిలేది దాదాపు రెండుంపావు నిమిషాలు. ఆ నరుకుడు తర్వాత సరిచేసుకుంటూ వస్తే 109 నిమిషాల సినిమా తయారైంది, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. తీరిగ్గా మొదలై తీరిగ్గా ముగిసే సీన్లు పోయి, ఊపిరాడని వేగం వచ్చింది. పారిష్‌కూ, మరో ఎడిటర్ అల్ క్లార్క్‌కూ కలిపి నామినేషన్ దక్కింది.

అపోహ 5: ఆస్కార్ రాగానే దర్శకుడైపోయాడు.

వాస్తవం: బాక్సింగ్ కథ ‘బాడీ అండ్ సోల్’ (1947)కు ఫ్రాన్సిస్ లయన్‌తో కలిసి ఎడిటింగ్ ఆస్కార్ అందుకున్న తర్వాత కూడా అతను ఇతరుల సినిమాలు ఎడిట్ చేస్తూనే ఉన్నాడు. తొలి చిత్రం ‘క్రై డేంజర్’ వచ్చింది 1951లో. హీరో డిక్ పావెల్. నిడివి 79 నిమిషాలు. జైలు నుంచి వచ్చినవాడు తనను ఇరికించిందెవరో వెతికే మామూలు క్రైమ్ కథే, కానీ ఎక్కడా నస ఉండదు.

అపోహ 6: దర్శకుడిగా విఫలుడు. ‘క్యాసినో రాయల్’ (1967) గందరగోళమే సాక్ష్యం.

వాస్తవం: ఆ సినిమాకు ఐదుగురు దర్శకుల పేర్లు పడ్డాయి. వాళ్లలో పారిష్‌తో పాటు జాన్ హ్యూస్టన్ కూడా ఉన్నాడు. దాని పాపం ఒక్కరి ఖాతాలో రాయడం అన్యాయం. పారిష్‌ను తూచాలంటే గ్రెగరీ పెక్ నటించిన ‘ది పర్పుల్ ప్లెయిన్’ (1954), రాబర్ట్ మిచమ్ ‘ది వండర్‌ఫుల్ కంట్రీ’ (1959) చూడాలి. మొదటిది బర్మా కథ, సిలోన్‌లో తీశారు. చాప్లిన్, ఫోర్డ్‌ల పక్కన కూర్చోబెట్టదగ్గ దర్శకుడు కాడు, నిజమే. కానీ వాళ్ల శిష్యుడన్న పేరు మాటున సొంతంగా తీసిన మంచి సినిమాలు మరుగునపడటం మాత్రం సరికాదు.

అపోహ 7: ప్రత్యక్ష సాక్షి చెప్పాడు కాబట్టి ఇవన్నీ చరిత్రే.

వాస్తవం: చాప్లిన్ అన్ని వేషాలూ వేసి చూపించడం, వైట్‌హౌస్‌లో మౌనం, వంద అడుగుల సూత్రం ఇవన్నీ ప్రధానంగా పారిష్ నోటి మాటే. ఆత్మకథ ‘గ్రోయింగ్ అప్ ఇన్ హాలీవుడ్’ వచ్చింది 1976లో, అంటే ‘సిటీ లైట్స్’ తర్వాత నలభై అయిదేళ్లకు. ఆస్కార్లు, తేదీలు, నిడివులు రికార్డుల్లో సరిచూసుకోవచ్చు. గదిలో ఎవరు ఏమన్నారో సరిచూసే దారి లేదు. పైగా రాసినవాడు ఎడిటర్. ఏ కథ ఎక్కడ మొదలుపెడితే పండుతుందో, ఎక్కడ ఆపితే చప్పట్లు పడతాయో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ పుస్తకాన్ని ఆనందంగా చదవండి. ఉటంకించేటప్పుడు మాత్రం ‘పారిష్ చెప్పిన ప్రకారం’ అన్న మాట చేర్చండి.