వార్తల్లో పదం: రీకాల్క్యులేషన్

స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి మారితే, దానిపై ఆధారపడిన ఫార్ములాలన్నీ మళ్లీ లెక్కకట్టడమే రీకాల్క్యులేషన్. ఎక్సెల్‌లో ఇది ఆటోమేటిక్‌గానో, మాన్యువల్‌గానో జరుగుతుంది.

నిజాంసాగర్ ఆయకట్టులోని బాన్సువాడ ధాన్యం లెక్కే తీసుకోండి. ఏ-గ్రేడ్ మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు రూ.2,320, 2025-26లో రూ.2,389. ధర గడి మార్చగానే వంద క్వింటాళ్ల బిల్లు రూ.6,900 పెరగాలి. మాన్యువల్‌లో ఉంటే ఎఫ్9 నొక్కేదాకా పాత మొత్తమే కనిపిస్తుంది. పైగా మొదట తెరిచిన ఫైల్ పద్ధతే తర్వాత తెరిచినవాటికీ వర్తిస్తుంది.

వేగం కోసం లెక్కింపును మాన్యువల్‌కు మార్చే యాడ్-ఇన్‌లు (ఎక్సెల్‌కు జోడించే అదనపు ప్రోగ్రామ్‌లు) ఆ సంగతి తెరపై స్పష్టంగా చెప్పాలి. పని ముగిశాక పాత సెట్టింగ్‌ను తిరిగి పెట్టాలి. పాతబడిన అంకెలపై అడ్డగీత చూపే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2023లో పరీక్షకు తెచ్చింది.

బిల్లు ప్రింట్ తీసే ముందు ఫార్ములాస్ ట్యాబ్‌లో కాల్క్యులేషన్ ఆప్షన్స్ ఒకసారి చూసుకోండి.