అడవి అంచున చిన్న ఇల్లు: చలికి ఆగాలి, ఎండకూ ఆగాలి

ఓరుగల్లు ఎండలను గురించి చెప్పుకున్నంతగా ఇక్కడి చలిని గురించి ఎవరూ చెప్పుకోరు. కాని మార్గశిరం మొదలు సంక్రాంతి దాకా తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట అడవుల్లో ఒక్క రాత్రి పడుకున్నవారికి ఆ చలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుట్టల నడుమ, వాగుల వెంబడి మంచు దిగితే పొద్దెక్కేదాకా ఎదుటి మనిషి ఆనడు. అదే చోట వైశాఖంలో రాళ్లు పేలుతాయి. పూర్వం వరంగల్ జిల్లాలో భాగమై, 2019 నుంచి ములుగు జిల్లాగా ఉన్న ఈ ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవాడు రెండు కాలాలకూ లెక్క చూసుకోక తప్పదు.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద సొంత స్థలం ఉన్న పేదలకు 5 లక్షల రూపాయల సాయం విడతలవారీగా అందుతున్నది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 దాటరాదు. ఒక విడత సొమ్ము స్లాబు పడితేనే వస్తుంది. గుడిసె విప్పి స్లాబు ఇంటికి మారే కుటుంబాలు అడవి పల్లెల్లోనూ ఉన్నాయి. సంతోషించవలసిందే. అయితే గుడిసెతోపాటు అందులోని తెలివిని కూడా విప్పి పారవేయవలసిన పని లేదు.

కోయ గుడిసెను పరికించి చూడండి. వెదురు చీల్చి అల్లిన తడికెకు రెండు వైపులా ఎర్రమట్టి మెత్తి, పేడతో అలుకుతారు. గడ్డి కప్పు మూరెడు మందాన ఉంటుంది. గడ్డి పోచల నడుమ నిలిచిన గాలి పగటి ఎండను లోపలికి రానీయదు, రాత్రి లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనీయదు. చూరు బాగా కిందికి దిగి ఉండటంచేత వాన గోడను తాకదు, చలిగాలి నేరుగా కొట్టదు. పొయ్యి లోపలే ఉన్నా పొగ కప్పులోంచి మెల్లగా ఊరిపోతుంది. పోతూ పోతూ అటకమీది విత్తనాలకు, కప్పు వెదుళ్లకు పురుగు పట్టకుండా చేస్తుంది. దూలాలూ వాసాలూ పక్క అడవివే. పాడైతే మట్టిలో కలిసేవే.

గుడిసెలో లోపాలు లేవని కాదు. రెండు మూడేళ్లకోసారి గడ్డి మార్చాలి, ఆ గడ్డి ఇప్పుడు సులువుగా దొరకదు. చెదలు సరేసరి. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే వరుసగా ఇళ్లు బూడిదయ్యే ప్రమాదం. పామూ తేలూ చూరులోనే కాపురం. స్లాబు కావాలని ఆడవాళ్లు పట్టుబట్టడం న్యాయమే.

అయితే స్లాబు, రేకు రెండూ చలికి పనికిరానివే. మబ్బు లేని రాత్రి అవి తమ వేడినంతా ఆకాశానికి వదిలి చల్లబడతాయి. రేకుల ఇంట్లో తెల్లవారుజామున రేకు లోపలివైపు చెమ్మ పట్టి బొట్లు బొట్లుగా పక్కలమీద పడటం అనుభవించినవారికి తెలుసు. స్లాబు మీద మట్టి పిడతలు బోర్లించి పరిచి, వాటిపై సున్నం కంకర వేసి గట్టి చేయడం పాత పద్ధతి. పిడతలోని గాలి గడ్డి కప్పు చేసే పనే చేస్తుంది. పైన తెల్లసున్నం పూస్తే ఎండాకాలం కూడా కలిసి వస్తుంది.

ఖర్చు లేని ఉపాయం మరొకటి ఉంది, అది దిక్కు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు. డిసెంబరు నెలాఖరున మధ్యాహ్నం మన ప్రాంతంలో దిక్చక్రం మీద 48 డిగ్రీల ఎత్తు మాత్రమే ఉంటాడు. దక్షిణపు గోడలో 4 అడుగుల ఎత్తు కిటికీ పెట్టి, దాని తలమీదే అడుగున్నర సజ్జ వేస్తే, నీడ పై భాగంలో 1.7 అడుగుల వరకే పడి, కింద రెండడుగులకు పైగా ఎండ ఇంట్లోకి వస్తుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తికి చేరినప్పుడు అదే సజ్జ కిటికీనంతా నీడలో ఉంచుతుంది. వాస్తు పట్టింపు ఉన్నవారు ద్వారం తూర్పునే పెట్టుకోవచ్చు, కిటికీకి ఆ బాధ లేదు. పడమటి ఎండ మాత్రం చెడ్డది. అటువైపు వంటగదో, స్నానాల గదో, ఒక పందిరో అడ్డం పెట్టాలి. ఉత్తరపు కిటికీ చిన్నదిగా, గట్టి చెక్క తలుపుతో ఉంటే చాలు.

చలికాలపు రాత్రుల్లో సున్నాకు 20 డిగ్రీల దిగువకు పోయే లడఖ్‌లో జనం నమ్ముకున్నది కూడా ఈ దక్షిణపు ఎండనూ, మందపు మట్టిగోడనూ. లేహ్ సమీపంలోని ఫే వద్ద సోనం వాంగ్‌చుక్ తదితరుల సెక్మోల్ సంస్థ మట్టితో కట్టిన బడి చలికాలమంతా ఎండ వేడితోనే వెచ్చగా ఉంటుంది. మూరెడు మందం మట్టిగోడకు పగటి వేడి లోపలికి దిగడానికి ఇంచుమించు పన్నెండు గంటలు పడుతుంది, అంటే సరిగ్గా చలి ముదిరే వేళకు. అంత మందం కట్టలేనివారికి ఇటుకను పక్కమీద నిలిపి మధ్య బోలు వదిలి కట్టే ఎలుకబోను కట్టుబడి ఉన్నది. కేరళలో లారీ బేకర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. సుమారు నాలుగో వంతు ఇటుక ఆదా అవుతుంది, బోలులోని గాలి గోడకు దుప్పటి వంటిది.

పునాది సంగతి తేలికగా తీసుకోరాదు. 2023 జూలైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన కురిసింది. అదే వరదలో జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచి ప్రాణాలు తీసింది. వాగు ఒడ్డున ఇల్లు వద్దు. వాగుకు దూరమైనా అరుగు ఎత్తు ఊరిలో ఎన్నడూ తడవని గుర్తుకు పైన ఉండాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి–మేడారం అడవిలో వేలాది చెట్లు గాలికి నేలకూలాయి. డిసెంబరు 4న ఉదయం 5.3 తీవ్రతతో ఇక్కడే భూమి కంపించింది. భూకంపంలో మనిషిని చంపేది నేల కాదు, నెత్తిమీది బరువు. 1213 నాటి రామప్ప గుడి శిల్పులు పునాది కింద ఇసుక నింపి, శిఖరానికి నీటిమీద తేలే తేలికపాటి ఇటుకలు వాడారు. మనకు అంత విద్య అక్కరలేదు గాని, తలుపులు కిటికీల పైన గోడ చుట్టూ తెగకుండా ఒక సిమెంటు పట్టీ, నాలుగు మూలలా నిలువు చువ్వలు వేయించుకోవడం మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. ఎలుకబోను గోడకైతే ఇవి మరీ ముఖ్యం.

ఇక అన్నిటికంటె ప్రాణానికి సంబంధించిన మాట. గుడిసెలో చలికి కుంపటి పెట్టుకుని పడుకున్న అలవాటు స్లాబు ఇంటికి కూడా వస్తున్నది. గడ్డి కప్పు గాలి పీల్చేది, స్లాబు పీల్చదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గులు రాజుకుంటే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నిండుతుంది. తలనొప్పి, వాంతి అనిపించేలోగా లేచే శక్తి ఉండదు, నిద్రలో ఉన్నవారికి అదీ తెలియదు. పడకగదిలోకి కుంపటి రానీయరాదు. వంటగదికి పొగగొట్టం ఉండాలి. ప్రతి గదికీ స్లాబుకు జానెడు కింద, ఎదురెదురు గోడల్లో జానెడు చదరపు జాలీ ఒక్కొక్కటి వదిలిపెట్టాలి. గోడ లేచేటప్పుడు నాలుగు ఇటుకలు తీసేస్తే సరిపోయే పని ఇది. చలి వస్తున్నదని తరువాత గుడ్డలు కుక్కి మూయకూడదు. చలికి గొంగడి ఉంది.