ఫ్యాన్ పెట్టినా చల్లబడని యాంప్

పోయిన మే నెలలో బాబాయి కారులో విజయవాడ నుంచి శ్రీశైలం బయల్దేరాం. గుంటూరు దాటాక పాట ఠక్కున ఆగిపోయింది. పావుగంటకి దానంతట అదే మొదలై, నరసరావుపేట దగ్గర మళ్ళీ ఆగింది. సీటు కింద చెయ్యి పెడితే యాంప్లిఫయర్ ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఏంట్రా ఇది?" అన్నాడు బాబాయి. నేను చదివేది ఈసీఈ. ఇక తప్పించుకునే దారి లేదు.

అలా ఆగిపోయిందంటే యాంప్ పాడైనట్టు కాదు. వేడి హద్దు దాటితే తనని తాను కాపాడుకోడానికి అదే ఆపేసుకుంటుంది. బాబాయిది క్లాస్ ఏబీ రకం. ఫుల్ పవర్ మీద దాని ఎఫిషియెన్సీ సుమారు 60 శాతం అనుకుందాం. స్పీకర్‌కి 300 వాట్లు వెళ్ళాలంటే బ్యాటరీ నుంచి 500 లాగాలి. మిగిలిన 200 వాట్లూ ఆ అల్యూమినియం పెట్టెలోంచి వేడిగా బయటకి పోవాలి. క్లాస్ డీ అయితే 80 శాతం పైనే స్పీకర్‌కి చేరుతుంది కాబట్టి ఈ బాధ చాలా తక్కువ.

మెకానిక్ ఫ్యాన్ పెట్టమన్నాడు. పెట్టాం. పాట ఆగడం మాత్రం ఆగలేదు! ఎండలో నిలిపిన కారులో గాలే కాలుతుంటే ఫ్యాన్ తిప్పేదీ ఆ గాలినేగా. పైగా యాంప్ మీద కార్పెట్ కప్పి ఉంది. అది తీసేసి, చుట్టూ నాలుగేళ్ళ ఖాళీ ఉంచాం. కొంత నయం. అంతే.

అసలు దొంగ వైరింగులో దొరికాడు. 4 ఓమ్‌ల సబ్‌వూఫర్లు రెండింటిని పారలల్‌గా కలిపి, బ్రిడ్జ్ చేసిన యాంప్‌కి తగిలించారు. అంటే లోడు 2 ఓమ్‌లు. మాన్యువల్లో మాత్రం బ్రిడ్జ్ చేస్తే కనీసం 4 ఉండాలని రాసుంది. ఫస్టియర్ ఓమ్స్ లా! సిరీస్‌లోకి మారిస్తే 8 ఓమ్‌లు, అదే వోల్టేజికి కరెంటు నాలుగో వంతు. గెయిన్ నాబ్ కూడా చివరిదాకా తిప్పి ఉంది. అది వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టేది. ఎక్కువ పెడితే వేవ్ నెత్తి తెగి చదరమవుతుంది, యాంపూ స్పీకరూ రెండూ వేడెక్కుతాయి.

గ్రౌండ్ వైరు పెయింటు మీదే బిగించి ఉంటే గీకి, మెరిసే ఇనుము మీద మళ్ళీ బిగించాను.

నన్ను నిజంగా భయపెట్టింది ఫ్యూజు. 30 ఆంపియర్లది ఉండాల్సిన చోట 60ది ఉంది. మాటిమాటికీ పోతోందని ఎవరో మార్చారట. ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడ్డానికి. అది పోకపోతే వైరే కాలుతుంది. బ్యాటరీ పక్కన ఆ వైరు తొడుగు అప్పటికే మెత్తబడి, వేలికి జిగురుగా తగిలింది. నలుగురం ఆ కారులోనే ఘాట్ రోడ్డు ఎక్కొచ్చాం.

వైరూ ఫ్యూజూ రెండూ మార్చేశాం. మొన్న తిరుపతి వెళ్ళొస్తే పాట ఒక్కసారీ ఆగలేదు. బేస్ తగ్గిందని బాబాయి మాత్రం ఇంకా సణుగుతూనే ఉన్నాడు.