అద్దకపు బట్ట: ఐరోపా వస్త్రధారణలో ఒక మలుపు

వస్త్రధారణా పరిణామాన్ని నారబట్ట నుండి మరబట్ట వరకు వరుస మెట్లుగా చెప్పడం పరిపాటి. ఆ వరుసలో చట్టానికీ, వర్తకానికీ, హోదాకూ చోటు దక్కదు. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరపు అద్దకపు బట్ట ఐరోపా దుస్తులను మార్చిన తీరును పరిశీలిస్తే ఆ లోపం తెలుస్తుంది.

అప్పటికి ఐరోపా సామాన్యులు ధరించేవి ప్రధానంగా ఉన్ని, నార వస్త్రాలు. పూలు, లతలు కావాలంటే ఖరీదైన పట్టునేతనో, ఎంబ్రాయిడరీనో ఆశ్రయించాలి. మచిలీపట్నం వంటి రేవుల నుండి డచ్చి, ఆంగ్ల కంపెనీలు తీసుకువెళ్లిన నూలు వస్త్రాలు తేలికైనవి, ఉతికినా రంగు పోనివి. ఈ రెండవ గుణమే కీలకం. చిరివేరు ఎరుపు నూలుకు తనంత తాను గట్టిగా పట్టదు. పటిక నీరు పూసిన చోటనే స్థిరపడి, మిగిలిన చోట ఉతుకులకూ ఎండకూ వెలిసిపోతుంది. ఎరుపు విషయంలో కలంకారీ పనివారు బట్టపై గీసేది రంగును కాదు, రంగు నిలిచే చోటును.

యజమానురాలి ముస్తాబు పనిమనిషికీ అందడం పై వర్గాలకు రుచించలేదు. ఉన్ని, పట్టు నేతగాళ్లకు అది జీవనసమస్య. ఫ్రాన్సు 1686లో ఈ బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో స్వదేశ వినియోగానికై దిగుమతిని, 1721 నాటి చట్టంతో ధరించడాన్నే నిషేధించింది. 1719లో లండను నేతగాళ్లు వీధుల్లో స్త్రీల ఒంటిపైనే ఈ దుస్తులను చించివేశారు. వస్త్రచరిత్రను అభిరుచుల చరిత్రగానే చదివేవారికి ఈ దృశ్యం కనిపించదు.

ఫ్రాన్సు 1759లో నిషేధాన్ని ఎత్తివేసింది. 1774లో ఇంగ్లండు సడలింపు ఇచ్చినది బ్రిటన్‌లో తయారైన నూలు బట్టకే. గుర్తుగా దాని అంచులో మూడు నీలి పోగులు ఉండాలన్నది షరతు.