తెర మీద అమ్మమ్మ!

ఇంగ్లండ్‌లో రిటైరైన టీచరమ్మ వెబ్‌కామ్ ముందు కూర్చుంటుంది. హైదరాబాద్‌లో పిల్లలు కంప్యూటర్ చుట్టూ మూగుతారు. ఫీజు లేదు, పరీక్ష లేదు... కబుర్లే పాఠాలు! 2009లో మొదలైన ఆ ప్రయోగం నుంచి మన సర్కారు బడులు నేర్చుకోవాల్సింది చాలానే ఉంది.

కొండాపూర్ అనగానే హైటెక్‌సిటీ పక్కనున్న అద్దాల మేడలే గుర్తొస్తాయి. రాత్రయితే అక్కడి కుర్రాళ్లు అమెరికా వాళ్లతో గలగలా ఇంగ్లిష్‌లో మాట్లాడేస్తారు. మనం చెప్పుకొనేది ఆ కొండాపూర్ గురించి కాదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు దాటి, సంగారెడ్డి దాటి వెళ్తే వచ్చే కొండాపూర్ గురించి. శాతవాహనుల కాలంలో ఇదో పట్టణం. ఇక్కడి తవ్వకాల్లో రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది. అంటే రెండు వేల ఏళ్ల కిందటే సముద్రాల అవతలి సొమ్ము చేరిన ఊరన్నమాట!

అలాంటి చోట ఇప్పుడు సర్కారు బడిలో చదివే పిల్లాడికి ఇంగ్లిష్ ఎక్కడ వినిపిస్తుంది? పుస్తకంలో. మరి తిరిగి మాట్లాడదామంటే వినేవాళ్లేరీ?

తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం తెచ్చింది. పుస్తకాలు మారాయి. ఇంట్లో మాట మారలేదు. ఈ పారిశ్రామికవాడల్లో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, ఆ పక్కన బతుకుదెరువుకి వచ్చినవాళ్ల హిందీ, ఒడియా. షిఫ్టు దిగి వచ్చిన తండ్రి, ఇంటిపనితో అలసిన తల్లి 'మాకేం తెలుస్తది, సార్లే చెప్పాలె' అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

గోడలో కంప్యూటర్

ఈ చిక్కుముడిని విప్పాలని చూసిన వ్యక్తి సుగతా మిత్రా. చదివింది భౌతికశాస్త్రం. దిల్లీలో ఎన్ఐఐటీలో పనిచేస్తూ 1999లో కాల్కాజీలోని మురికివాడ వైపు గోడకు రంధ్రం పెట్టించి, అందులో ఓ కంప్యూటర్ బిగించారు. ఎవరూ చెప్పకుండానే పిల్లలు దాన్ని వాడటం నేర్చేసుకున్నారు.

తర్వాతి మజిలీ మన హైదరాబాదే. ఓ చిన్న ప్రైవేటు బడిలో 16 మంది పిల్లలకు మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మన పిల్లల తెలుగు యాస దానికి అర్థమైతేగా! వీళ్లొకటి చెబితే అదింకోటి రాసేది. 'మీరు చెప్పింది దానికి అర్థమయ్యేలా చేయండి' అన్నదొక్కటే పిల్లలకిచ్చిన పని. కొన్ని నెలల్లో వాళ్ల ఉచ్చారణ బాగా మెరుగుపడింది. 2003లో ఆ వివరాలు పరిశోధన పత్రంగా వెలువడ్డాయి.

అమ్మమ్మ పద్ధతి

ఆ తర్వాత మిత్రా బ్రిటన్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరారు. తమిళనాడులోని కాళికుప్పం అనే పల్లెలో పిల్లల ముందు కంప్యూటర్ పెట్టి, అందులో ఇంగ్లిష్‌లో ఉన్న జీవసాంకేతిక శాస్త్రం పాఠాలు నింపారు. చెప్పేవాళ్లు లేరు. అయినా మొదట్లో సున్నా వచ్చిన పిల్లలు, తర్వాత పెట్టిన పరీక్షలో 30 శాతం దాకా తెచ్చుకున్నారు.

అప్పుడు ఓ యువతి సాయం తీసుకున్నారు. ఆమెకు ఆ సబ్జెక్టు బొత్తిగా తెలియదు. చేయాల్సిందల్లా పిల్లల వెనక నిలబడి, 'అబ్బో, ఇదెలా చేశావ్? మళ్లీ చూపించు' అనడమే... అచ్చం అమ్మమ్మలా! మార్కులు 50 శాతానికి చేరాయి. దిల్లీలో టీచర్లు పాఠం చెప్పిన పిల్లలతో సమానమన్నమాట.

మరింకేం, అలాంటి అమ్మమ్మల్నే వెతుకుదాం అనుకున్నారు మిత్రా. ఇంటర్నెట్టూ వెబ్‌కామూ ఉండి, వారానికో గంట ఉచితంగా ఇవ్వగలవాళ్లు కావాలని 2009లో బ్రిటన్‌లో కోరితే రెండు వారాల్లోనే దాదాపు 200 మంది ముందుకొచ్చారు. వాళ్లలో రిటైరైన టీచర్లు ఎక్కువ. మగవాళ్లూ, తక్కువ వయసువాళ్లూ ఉన్నారు. అయినా పేరు మాత్రం 'గ్రానీ క్లౌడ్' అనే స్థిరపడింది. వాళ్లు మొదట పలకరించిన పిల్లల్లో హైదరాబాద్ చిన్న బడుల పిల్లలున్నారు.

ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలైతే అక్కడ పొద్దున్నే ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. స్కైప్ మోగగానే కథలు, పాటలు, కాగితపు బొమ్మలు, 'మీ ఊళ్లో వాన పడిందా?' లాంటి ప్రశ్నలు. గ్రామర్ తప్పుల్ని ఎర్రసిరాతో దిద్దేవాళ్లు లేరు. తెరమీది మనిషికి తెలుగు రాదు కాబట్టి, చెప్పాలన్న ఆత్రం ఉన్న పిల్లాడు ఎలాగోలా ఇంగ్లిష్ కూడదీసుకోవాల్సిందే!

కొరియాలో ఖర్చు

ఇదే పనికి దక్షిణ కొరియా తల్లిదండ్రులు వేలకు వేలు పోస్తారు. అక్కడ స్కూలు పిల్లల ప్రైవేటు చదువులకు 2024లో అయిన ఖర్చు 29.2 లక్షల కోట్ల వోన్లు. మన లెక్కలో లక్షా యాభై వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో ఇంగ్లిష్‌దే పెద్ద వాటా. కాలేజీ ప్రవేశపరీక్షలో ఇంగ్లిష్ విని రాసే సమయంలో విమానాలను కూడా ఆపేస్తారు! ఫిలిప్పీన్స్ టీచర్లు వీడియోలో రోజూ పాఠాలు చెబుతారు. కొరియా వెళ్లి ఇంగ్లిష్ బోధించడానికి వీసా మాత్రం అమెరికా, బ్రిటన్ లాంటి ఏడు దేశాలవాళ్లకే ఇచ్చేవాళ్లు. 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో అర్హతలున్న భారతీయ టీచర్లకూ దారి దొరికింది.

అంతా బాగుందా?

లేదు. కంప్యూటర్ పెట్టేసి వెళ్లిపోతే సరిపోదని విమర్శకులు మొదటినుంచీ అంటున్నారు. ఉత్తరాఖండ్‌లో గోడ కంప్యూటర్లు మూలపడిన తీరును పరిశోధకురాలు పాయల్ అరోరా 2010లో రాశారు. మిత్రాకు 2013లో పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. దాంతో బ్రిటన్‌లో రెండు, మన దేశంలో ఐదు కేంద్రాలు తెరిచారు. తెలుగు నేల మీద మాత్రం ఒక్కటీ లేదు. ఆ కబుర్లకు వేదికైన స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది.

కరోనా వేళ 2020లో టీ-శాట్, దూరదర్శన్ పాఠాలు ఇంటింటికీ వచ్చాయి. కానీ టీవీ చెబుతుందే తప్ప వినదు. 'ఏదీ, మళ్లీ చెప్పు' అని అడగదు. తేడా అంతా అక్కడే.

వెనక నిలబడితే చాలు

కొండాపూర్ బడికి ఇంగ్లండ్ అమ్మమ్మే రానక్కర్లేదు. ఆ ఐటీ కొండాపూర్‌లో ఉన్నవాళ్లు వారానికో గంట ఇస్తే ఈ కొండాపూర్ పిల్లలకు అదే పదివేలు. ఇప్పుడు వీడియో కాల్‌కి ఫోన్ చాలు. హెడ్‌మాస్టర్ అనుమతి, పక్కన ఓ టీచర్ పర్యవేక్షణ ఉంటే సరి.

ఆ ఏర్పాటు అయ్యేదాకా? కాళికుప్పం యువతికి పాఠం రాదన్న సంగతి గుర్తుంచుకోండి. ఇంగ్లిష్ రాని తల్లి కూడా సాయంత్రం బిడ్డ పక్కన కూర్చుని, 'ఇయాల ఏం నేర్చుకున్నవు బిడ్డా, ఇంగ్లిష్‌ల చెప్పు, ఇంట' అనొచ్చు. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. తను చెబుతుంటే అమ్మ వింటోంది... పిల్లలకు ఆ ధీమా చాలు!