మీ ల్యాప్‌టాప్‌లో ఎన్ని పైథాన్‌లు ఉన్నాయి?

టెక్కలిలో ఇంజినీరింగో, పలాసలో డిగ్రీయో చదువుతూ సాఫ్ట్‌వేర్ కొలువు కోసం చూస్తున్నారా? అయితే మీ రెజ్యుమెలో పైథాన్ ఉండే ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు ఒకసారి రన్ చేయండి’ అన్నారనుకోండి. కోడ్‌లో తప్పు లేదు, అయినా ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని వస్తుంది. కారణం తరచూ ఒక్కటే. లైబ్రరీ వేసింది ఒక పైథాన్‌కి, ప్రోగ్రామ్ నడుపుతున్నది ఇంకో పైథాన్‌తో!

వెబ్‌సైట్ నుంచి ఒకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ఒకటి, అనకొండతో పాటు మరొకటి... ఇలా వచ్చి చేరతాయి. ఈ గందరగోళం పోవాలంటే ప్యాకేజీ మేనేజర్ వాడటం అలవాటు చేసుకోండి. (కింది కమాండ్లు పలికినట్టు రాశాం. టైప్ చేసేది ఇంగ్లిష్‌లోనే.)

లెక్క ఒక్కచోటే

సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి పెట్టడం, అప్‌డేట్ చేయడం, అక్కర్లేకపోతే తీసేయడం ప్యాకేజీ మేనేజర్ పని. విండోస్‌లో వింగెట్, ఉబుంటులో ఆప్ట్, మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉన్నాయి.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘వింగెట్ లిస్ట్ పైథాన్’ కొట్టండి. ఉన్నవన్నీ బయటపడతాయి. అక్కర్లేనివి తీసేసి, ‘వింగెట్ ఇన్‌స్టాల్ పైథాన్.పైథాన్.3.13’ అనండి. ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి 5 ఏళ్లు సపోర్ట్ ఉంటుంది. 3.9కి అది 2025 అక్టోబరుతో ముగిసింది. కొత్తది వచ్చిన వెంటనే కొన్ని లైబ్రరీలు దానికి సిద్ధం కావు. అందుకే ఒక మెట్టు వెనక ఉండటం మేలు.

ఉబుంటు వాడేవాళ్లు సిస్టమ్ పైథాన్‌ను మాత్రం తీసేయొద్దు. సిస్టమ్‌లోని చాలా పనులు దానిమీదే నడుస్తాయి. ఉబుంటు 24.04లో నేరుగా పిప్ వాడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అని అడ్డుపడేది ఇందుకే. దాన్ని బలవంతంగా దాటకండి.

గ్రేడుకో డబ్బా

పలాస జీడిపప్పు మీకు తెలియనిదా! డబ్ల్యూ 240 పప్పును, డబ్ల్యూ 320 పప్పును ఒకే డబ్బాలో పోయరు. లైబ్రరీలూ అంతే. ఒక ప్రాజెక్టుకు పాత వెర్షన్ కావాలి, ఇంకోదానికి కొత్తది. అందుకే ‘పైథాన్ -ఎం వెన్వ్ ఎన్వ్’ కమాండ్‌తో ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి. దాన్ని యాక్టివేట్ చేశాక, ఉత్తి ‘పిప్’ బదులు ‘పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్’ అనండి. లైబ్రరీ వేరే పైథాన్‌కి పోదు. చివర్లో ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చే జాబితాను రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో దాచుకోండి.

డేటా సరిపోదా?

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో ఫోన్ హాట్‌స్పాట్ మీదే పని నడిపేవాళ్లకు ఒక ఉపాయం. కాలేజీ ల్యాబ్‌లో ‘పైథాన్ -ఎం పిప్ డౌన్‌లోడ్’ కమాండ్‌తో ఆ జాబితాలోని లైబ్రరీలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇంటికొచ్చాక పిప్ ఇన్‌స్టాల్‌కు ‘నో-ఇండెక్స్’, ‘ఫైండ్-లింక్స్’ ఆప్షన్లు తగిలించి ఆ ఫోల్డర్ చూపిస్తే నెట్ లేకుండానే ఎక్కేస్తాయి. రెండు చోట్లా ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే పైథాన్ వెర్షన్ ఉండాలి.

ఇంటర్వ్యూకు వారం ముందే ఆ జాబితాతో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో మీ ప్రాజెక్టు నడిపి చూడండి. అక్కడ నడిస్తే, ‘రన్ చేయండి’ అన్నప్పుడు కంగారు ఉండదు.