మీకు తెలుసా? ఊగే టేబులును పావు చుట్టు తిప్పి చూడండి

కార్తీక వనభోజనాలకు తోటలో వేసిన టేబులైనా, రోడ్డు పక్క టిఫిన్ బండి ముందు వేసిన ప్లాస్టిక్ టేబులైనా, ఆరుబయట నాలుగు కాళ్ల బల్ల కుదురుగా నిలవడం అరుదు. ఇటువైపు ఒకరు మోచెయ్యి ఆనిస్తే అటువైపు వాళ్ల సాంబారు తొణుకుతుంది. వెంటనే ఎవరో ఒకరు లేచి అట్టముక్క కోసమో, పలచటి రాయి కోసమో వెతుకుతారు. ఆ వెతుకులాట లేకుండా టేబులును ఉన్నచోటే మెల్లగా తిప్పుతూ పోతే, పావు చుట్టు పూర్తయ్యేలోపే నాలుగు కాళ్లూ నేలకు ఆనే చోటు ఒకటి దొరుకుతుందని మీకు తెలుసా? గణితంలో దీనికి పక్కా రుజువు ఉంది.

చతురస్రపు టేబులు ఊగుతున్నప్పుడు ఒకసారి వంగి కాళ్ల వైపు చూడండి. ఎదురెదురు మూలల్లోని ఒక జత కాళ్లు నేలను వదలవు. రెండో జతలో మాత్రం ఒకటి ఆనితే ఇంకొకటి లేస్తుంది. అంటే మొదటి జతకు దొరికింది గట్టు, రెండో జతకు పల్లం. ఇప్పుడు టేబులును సరిగ్గా పావు చుట్టు తిప్పామనుకోండి. ప్రతి కాలూ తన పక్క కాలు ఉన్న చోటికి చేరుతుంది. గట్టు మీది జత పల్లంలోకి దిగుతుంది, పల్లంలోది గట్టెక్కుతుంది. మొదట ఎత్తులో ఉన్న జత చివరికి దిగువకు వచ్చిందంటే, నడుమ ఎక్కడో ఒకచోట రెండు జతలూ సమానం అయి ఉండాలి. అక్కడ ఆపితే టేబులు ఊగదు.

దీని వెనకున్న సూత్రాన్ని ప్రాగ్ నగరానికి చెందిన బెర్నార్డ్ బోల్జానో 1817లో రుజువు చేశాడు. తెగకుండా మారే కొలత ఏదైనా సరే, ఒక విలువ నుంచి ఇంకో విలువకు చేరాలంటే మధ్యనున్న విలువలన్నిటినీ తాకుతూనే పోవాలి. ఇంటర్మీడియట్ తర్వాత లెక్కలు చదివినవాళ్లకు ఇది పాఠంలో వచ్చే ఉంటుంది. భోజనాల బల్లకు పనికొస్తుందని మాత్రం ఏ మాస్టారూ చెప్పి ఉండరు.

టేబుల్ దగ్గరకు వచ్చేసరికి ఒక చిక్కుంది. బల్ల ఒరిగినప్పుడు కాళ్లు కూడా కాస్త పక్కకు జరుగుతాయి కదా, అవి కచ్చితంగా పక్క కాలి గుర్తు మీదే పడతాయని ఎలా అనగలం? వాదన వినడానికి ఇంత తేలిగ్గా ఉన్నా, పక్కా రుజువుకు పెద్ద పెద్దవాళ్లకే చాలాకాలం పట్టింది. 1970లో రోజర్ ఫెన్ అనే గణితవేత్త 'టేబుల్ సిద్ధాంతం' అనే పేరుతోనే ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. 1973లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలోని తన గణిత వినోదాల శీర్షికలో ఈ తిప్పుడు కిటుకును లోకానికి పరిచయం చేశాడు. చివరికి 2005లో జెనీవా దగ్గరి సెర్న్ సంస్థకు చెందిన భౌతిక శాస్త్రవేత్త ఆంద్రే మార్టాన్ ఒకవైపు, బిల్ బారిటోంపా, రైనర్ లోవెన్, బర్కర్డ్ పోల్‌స్టర్, మార్టీ రాస్ అనే నలుగురు గణితవేత్తలు ఇంకోవైపు లెక్క తేల్చారు. కణభౌతికం చదివినాయన కుంటి బల్ల మీద వ్యాసం రాయడం నాకైతే భలే నచ్చింది.

ఆ నలుగురూ పెట్టిన షరతులు చూస్తే మన పెరటి టేబులు ఇట్టే పాసవుతుంది. నేల మీద ఏ రెండు చోట్ల మధ్య చూసినా వాలు సుమారు 35 డిగ్రీలు దాటకూడదు. కాళ్ల పొడవు టేబులు ఐమూలలో సగానికి తగ్గకూడదు. 90 సెంటీమీటర్ల చతురస్రపు బల్ల ఐమూల 127 సెంటీమీటర్లు, అందులో సగం 64 లోపే. భోజనాల టేబుళ్ల ఎత్తు మామూలుగా 75 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇక 35 డిగ్రీల వాలున్న చోట టేబులు వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. దీర్ఘచతురస్రపు టేబులుకూ సిద్ధాంతం వర్తిస్తుంది గానీ, పావు చుట్టు చాలకపోవచ్చు, సగం చుట్టు దాకా తిప్పాల్సి రావచ్చు. పదిమంది విస్తర్ల ముందు కూర్చున్నాక అది జరిగే పని కాదు. తిప్పేదేదో వడ్డనకు ముందే తిప్పాలి.

ఇక అసలు పనిచెయ్యని చోట్లున్నాయి. నాపరాయికీ నాపరాయికీ మధ్య మెట్టులా తేడా ఉంటే నేల అక్కడ తెగినట్టే. గట్టు నుంచి పల్లానికి జారే దారి లేదు కాబట్టి బోల్జానో అక్కడ చేతులెత్తేస్తాడు. టేబులు కాళ్లలో ఒకటి పొట్టిదైతే తప్పు నేలది కాదు, ఎంత తిప్పినా లాభం లేకపోవచ్చు. ఇంకో సంగతి: ఉన్నచోటే తిప్పితే టేబులు ఊగదన్నారే గాని మట్టంగా కూడా ఉంటుందని ఎవరూ మాటివ్వలేదు. నాలుగు కాళ్లూ ఆనాక కూడా పప్పుచారు విస్తట్లో ఒక పక్కకే పారొచ్చు. రసమట్టం పెట్టి చూసే మేస్త్రీకి ఈ సిద్ధాంతం సగమే నచ్చుతుంది.

ఈ లెక్కకు ఒక పెద్దన్న ఉన్నాడు. 1951లో గణిత, భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ రుజువు చేసినదాని ప్రకారం, ఈ క్షణాన భూగోళం మీద ఒకే ఉష్ణోగ్రత ఉన్న నాలుగు చోట్లు, భూకేంద్రం చుట్టూ కచ్చితమైన చతురస్రంగా అమరినవి, ఎక్కడో ఒకచోట ఉండి తీరతాయి.

మూడు కాళ్లకు ఈ బాధే లేదు. ఏ మూడు బిందువుల గుండానైనా ఒక సమతలం పోతుంది కాబట్టి మూడు కాళ్లూ ఎలాంటి నేలనైనా ఒకేసారి తాకుతాయి. అదే వనభోజనాల్లో టేబులు ఊగుతుంటే, పక్కనే మూడు రాళ్ల పొయ్యి మీద పులిహోర అన్నం గుండిగ నిక్కచ్చిగా నిలబడేది అందుకే. సర్వేవాళ్ల స్టాండుకూ, కెమెరా స్టాండుకూ మూడే కాళ్లు. మరి భోజనాల బల్లలన్నీ ముక్కాలివే ఎందుకు చెయ్యరంటే, ఊగవు గానీ తిరగబడతాయి. మీటరు వెడల్పున్న గుండ్రటి బల్లకు అంచునే మూడు కాళ్లు పెడితే, రెండు కాళ్లను కలిపే గీత నడిబొడ్డు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలోనే పడుతుంది. ఆ గీత దాటి, అంచు మీద ఎవరైనా బరువుగా వాలితే అంతే. నాలుగు కాళ్లకు ఆ దూరం 35 సెంటీమీటర్లు, అయిదింటికి 40. ఆఫీసు కుర్చీ కింద అయిదు చక్రాలుండేది ఇందుకే. డెన్మార్క్ డిజైనర్ ఆర్నె యాకబ్సన్ 1952లో ఒక మందుల కంపెనీ క్యాంటీన్ కోసం గీసిన 'చీమ' కుర్చీకి మూడే కాళ్లు. నాలుగు కాళ్లది ఆయన పోయాకే మార్కెట్లోకి వచ్చింది.

నన్నడిగితే గతుకుల నేలకు అన్నిటికన్నా తెలివైన జవాబు నులక మంచం. దానికీ నాలుగు కాళ్లే, అయినా ఏ కళ్లంలో వేసినా ఊగదు. పట్టెలు కాళ్ల బెజ్జాల్లో కాస్త వదులుగా కూర్చుంటాయి, వాటిని బిగించి పట్టేది నులకే. మనిషి ఎక్కగానే చట్రం మొత్తం కొద్దిగా మెలి తిరిగి, లేచిన కాలు తనంతట తానే నేలకు దిగుతుంది. హైవే ధాబాల్లో మంచానికి అడ్డంగా చెక్క పలక వేసి దాని మీద కంచాలు పెడతారు చూడండి, వాటి కింద అట్టముక్క పెట్టినవాడు ఉండడు. ఊగేది బిగుసుకున్న బల్లే. వెల్డింగు చేసిన ఇనుప టేబులు నేలతో రాజీపడదు, పాత చెక్క బల్ల కొంత పడుతుంది. ఇప్పుడు కొన్ని హోటళ్ల టేబుళ్ల అడుగున ద్రవం నింపిన పాదాలు వస్తున్నాయి. బరువు పడిన పాదంలోంచి ద్రవం గాల్లో ఉన్న పాదంలోకి పోయి దాన్ని కిందికి దించుతుంది.

వాన పడిన నేల సంగతి వేరు. అక్కడ టేబులు ఊగడం కాదు, దిగబడుతుంది. వంటకాలతో కలిపి 60 కిలోలున్న టేబులును తీసుకుంటే కాలికి 15 కిలోలు. 25 మిల్లీమీటర్ల రబ్బరు బుష్షు వైశాల్యం అయిదు చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మట్టి మీద మూడు కిలోలు. అదే కాలి కింద 15 సెంటీమీటర్ల చదరపు టైలు ముక్క పెడితే ఆ భారం 70 గ్రాములకు దిగివస్తుంది. ఒక కాలి కింద పెట్టి మిగతావి వదిలేస్తే అవి దిగబడి మళ్లీ ఊగుతుంది, నాలుగింటికీ పెట్టాలి. టైలు గరుకు వైపు పైకి ఉండాలి, నున్నటి వైపు మీద తడి బుష్షు జారుతుంది.